మూడు రోజుల గ్రీకు బస్సు టూరు: ఏం చూపిస్తారు, ఏం దాటేస్తారు

ఏథెన్స్‌లో ఏ ట్రావెల్ ఏజెన్సీకి వెళ్లినా "క్లాసికల్ టూర్" పేరుతో దాదాపు ఒకే రూటు అమ్ముతారు. మొదటి రోజు కోరింత్ కాలువ, ఎపిడారస్, నాఫ్‌ప్లియో, మైసీనీ చూపించి రాత్రికి ఒలింపియా చేరుస్తారు. రెండో రోజు పొద్దున ఒలింపియా శిథిలాలు, ఆ తర్వాత సముద్రం మీది వంతెన దాటి రాత్రికి డెల్ఫీ. మూడో రోజు డెల్ఫీ చూసుకుని సాయంత్రానికి మళ్లీ ఏథెన్స్. నాలుగు రోజులంటే ఇదే రూటుకి రాతి శిఖరాల మీద మఠాలున్న మెటియోరా తగిలిస్తారు. రోడ్లూ దూరాలూ అలాంటివి కాబట్టి కంపెనీ మారినా రూటు పెద్దగా మారదు. బేరం చూసుకోవాల్సింది మూడు విషయాల్లో: ఒక్కో చోట ఎంతసేపు ఆపుతారు, ఏ వేళకి ఆపుతారు, ప్రవేశ టికెట్లు ధరలో కలిశాయా లేదా. బ్రోషర్లలో హోటల్ గదుల ఫొటోలు పెద్దగా వేసి, ఈ మూడింటినీ అడుగున చిన్న అక్షరాల్లో పెడతారు.

టికెట్ల సంగతి ముందు తేల్చుకోండి. 2025 ఏప్రిల్‌లో గ్రీకు ప్రభుత్వం రేట్లు సవరించింది. అక్రోపోలిస్ 30 యూరోలైంది; ఎపిడారస్, మైసీనీ, ఒలింపియా, డెల్ఫీ 20 యూరోల చొప్పున. అంటే "టికెట్లు అదనం" అని రాసిన టూరు చౌకగా కనబడుతున్నా దానికి మనిషికి 80 యూరోలు కలిపి పోల్చాలి. ఇది కాక హోటల్ కౌంటర్లో విడిగా కట్టాల్సిన పన్ను ఒకటుంది, పర్యావరణ రుసుము. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు గదికి రాత్రికి మూడు నక్షత్రాల హోటల్లో 5, నాలుగు నక్షత్రాల్లో 10 యూరోలు. ఇది తలకి కాదు, గదికి. టూరు డబ్బంతా ముందే కట్టేశాం కదా అని కౌంటర్ దగ్గర వాదనకి దిగేవాళ్లు ప్రతి బస్సులోనూ ఒకరిద్దరుంటారు. లాభం లేదు, అది ప్రభుత్వానికి పోయే సొమ్ము.

హోటళ్లలో సాధారణంగా రెండు తరగతులు పెడతారు, మూడు నక్షత్రాలదీ నాలుగు నక్షత్రాలదీ. చాలా కంపెనీల్లో రెండు తరగతుల వాళ్లూ ఎక్కేది ఒకటే బస్సు, వినేది ఒకే గైడుని. రాత్రికి మాత్రం వేరే గుమ్మం ముందు దిగుతారు. ఒలింపియాలో చీకటి పడుతుండగా దిగి పొద్దున్నే ఎక్కేస్తారు గనక అక్కడ పైతరగతికి పెట్టే డబ్బు దండగ. డెల్ఫీలో అలా కాదు. ఊరు కొండ అంచున వేలాడుతున్నట్టు ఉంటుంది. లోయ వైపు గది దొరికితే బాల్కనీ కింద ఆలివ్ తోటలు, వాటి చివర ఇటేయా దగ్గర సముద్రం కనిపిస్తాయి. వీధి వైపు గది దొరికితే ఎదురింటి గోడ. "లోయ వైపు గది" అని బుకింగ్‌లోనే రాయించండి. హామీ ఇవ్వరు గానీ, అడిగినవాళ్లకే ముందు ఇస్తారు. ఒంటరిగా వెళ్లేవాళ్లు మాత్రం సింగిల్ గది అదనపు చార్జీని ముందే లెక్కేసుకోవాలి. టూరు ధరలో అది చిన్న భాగమేమీ కాదు.

గ్రీసులో పురావస్తు స్థలాల లోపల నిలబడి చరిత్ర చెప్పే హక్కు ప్రభుత్వ లైసెన్సున్న గైడ్లకే ఉంది. వాళ్ల మెడలో బ్యాడ్జి ఉంటుంది. హైదరాబాద్ నుంచో ముంబయి నుంచో గ్రూపుతో వచ్చే టూర్ మేనేజరు ఎంత చదువుకున్నవాడైనా గేటు దాటాక గొంతెత్తకూడదు, కాపలావాళ్లు వచ్చి ఆపుతారు. కాబట్టి "తెలుగు మాట్లాడే మేనేజరు వెంట ఉంటారు" అన్న హామీ బస్సు వరకే పనికొస్తుంది. స్థానిక కంపెనీ బస్సులో ఎక్కేవాళ్లు ఇంకొకటి అడగాలి: వివరణ ఒకే భాషలోనా, రెండు భాషల్లోనా? కొన్ని బస్సుల్లో ప్రతి మాటా ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలోనో స్పానిష్‌లోనో మరోసారి చెబుతారు. గంట సమయంలో మీకు దక్కేది అరగంట. ఇయర్‌ఫోన్ సెట్లు ఇస్తారా అని కూడా అడగండి. నలభై ఐదు మంది గుంపులో చివర నడిచేవాళ్లకి గాలి హోరులో గైడు మాట వినపడదు.

మొదటి రోజు అన్నిటికన్నా బరువైన రోజు. బస్సు ఎడమ వైపు సీటు పట్టుకుంటే ఏథెన్స్ దాటాక సముద్రం కనిపిస్తుంది. కోరింత్ కాలువ దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు ఆపుతారు, అది కాఫీకీ టాయిలెట్‌కీ సరిపోతుంది. ముందు వంతెన మీదికి నడవండి, క్యూ ఆ తర్వాత. 6.4 కిలోమీటర్ల పొడవున కత్తితో కోసినట్టు నిలువుగా దిగిన రాతిగోడలు, అడుగున సన్నగా నీలం నీళ్లు. క్రీ.శ. 67లో నీరో చక్రవర్తి తవ్వించడం మొదలుపెట్టి వదిలేసిన పని 1893లో పూర్తయింది. తీరా పూర్తయ్యాక పెద్ద ఓడలు పట్టనంత ఇరుకు.

ఎపిడారస్‌లో బస్సు టూర్లు నేరుగా నాటకశాలకే తీసుకెళ్తాయి. క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిది. కింద 34 వరుసలు, తర్వాతి కాలంలో పైన కలిపిన 21, మొత్తం 55. దాదాపు 14,000 మంది పడతారు. శతాబ్దాల పాటు మట్టి కింద ఉండిపోవడంతో రాళ్లెత్తుకుపోయేవాళ్ల చేతికి చిక్కలేదు. నాగార్జునసాగర్ దగ్గర అనుపులో ఇక్ష్వాకుల కాలపు మెట్ల ప్రాంగణం చూసినవాళ్లకు పోలిక వెంటనే తడుతుంది. అయితే అది దీర్ఘచతురస్రం, ఇది విప్పిన విసనకర్ర. గైడు కింద నడుమనున్న గుండ్రటి రాయి దగ్గర నిలబడి నాణెం జారవిడుస్తారు, కాగితం చింపుతారు, ఆఖరి వరుసలోకి కూడా గుసగుస వినిపిస్తుందని చెబుతారు. ఆ మాట కొంచెం తగ్గించి తీసుకోవాలి. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు నాటకశాలంతటా మైకులు పెట్టి కొలిస్తే, నాణెం చప్పుడు పైదాకా వెళ్తోంది గానీ అది నాణెమని గుర్తుపట్టేది సగం వరుసల దాకానే. గుసగుస అర్థమయ్యేది ముందు వరుసల వాళ్లకే. గొంతెత్తి మాట్లాడితే మాత్రం ఆఖరి వరుసకీ స్పష్టంగా చేరుతుంది, మైకు లేకుండా అది తక్కువ సంగతేం కాదు. అందరూ నాణెం చుట్టూ మూగుతున్నప్పుడు మీరు ఇరవయ్యో వరుసకి ఎక్కి కూర్చోండి, తేడా మీకే తెలుస్తుంది. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం.

ఇక్కడ టూర్లు దాటేసేది అసలు క్షేత్రాన్ని. ఎపిడారస్ పేరు మోసింది నాటకాలతో కాదు, వైద్యదేవుడు అస్క్లీపియస్‌తో. రోగులు వచ్చి ఆయన సన్నిధిలోని మండపంలో రాత్రి నిద్ర చేసేవాళ్లు. కలలో దేవుడు కనిపించి మందు చెబుతాడని నమ్మకం. మన దగ్గర మొక్కుకుని గుడిలో నిద్ర చేయడం ఎరిగినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నాటకశాల పక్కనే ఉన్న చిన్న మ్యూజియంలో నయమైన జబ్బుల జాబితా చెక్కిన రాళ్లు, ఆనాటి వైద్యుల కంచు పనిముట్లు ఉన్నాయి. అదే టికెట్టు, మూడు నిమిషాల నడక. గైడు "ఇప్పుడు ఇరవై నిమిషాలు మీ ఇష్టం" అన్నప్పుడు ఫొటోలకన్నా అటు నడవడం మేలు.

నాఫ్‌ప్లియోలో ఒక గంట, అదీ ఫొటోలకి. ఈ రూటు మొత్తం మీద ఉండాలనిపించే ఊరు ఇదొక్కటే, ఉండనివ్వనిదీ ఇదే. కొత్తగా స్వతంత్రమైన గ్రీసుకి 1834 వరకు రాజధాని. తొలి పాలకుడు కపోదిస్త్రియాస్‌ని 1831లో ఇక్కడి చర్చి గుమ్మం దగ్గరే చంపారు. పైన పలమిది కోట, 999 మెట్లని జనం చెప్పుకుంటారు, లెక్కపెడితే అన్ని ఉండవు. ఆ గంటలో కోట ఎక్కి దిగే ప్రయత్నం చేయకండి, బస్సు తప్పుతుంది. రేవు గట్టున కూర్చుని ఏదో ఒకటి తినడం తెలివైన పని, ఎందుకంటే మధ్యాహ్నం భోజనం టూరు ధరలో సాధారణంగా ఉండదు.

కంచు యుగపు కోట మైసీనీకి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటి ఉంటుంది. కొండ మీద చెట్టు నీడ లేదు. రోజు మొత్తంలో అన్నిటికన్నా పాతదీ, ఎక్కువ సమయం కావాల్సినదీ ఇదే. దొరికేది ముప్పావు గంట నుంచి గంట. సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతానిది. దాని మీద అడ్డంగా వేసిన రాయి సుమారు 20 టన్నులు. ఆ బరువు మీద ఇంకా గోడ కడితే రాయి విరుగుతుందని దాని నెత్తిన త్రికోణంగా ఖాళీ వదిలి, ఆ ఖాళీని పల్చటి పలకతో మూశారు. ఎదురెదురుగా నిలబడ్డ రెండు సింహాలు చెక్కింది ఆ పలక మీదే. తలలు విడిగా చేసి అతికించినవి, ఎప్పుడో పోయాయి. లోపలికి వెళ్లగానే కుడి చేతికి రాతి పలకల వలయం, 1876లో జర్మన్ అన్వేషకుడు ష్లీమాన్ తవ్విన రాజుల సమాధులు అవే. ఇక్కడ దొరికిన బంగారు ముసుగుని ట్రోజన్ యుద్ధంలో గ్రీకు సేనల్ని నడిపిన రాజు ఆగమెమ్నాన్‌ది అని పేరుపెట్టేశారు గానీ, ఆ సమాధులు ఆ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి మూడు వందల ఏళ్ల పైచిలుకు ముందువి. ముసుగు ఇక్కడ లేదు, ఏథెన్స్‌లో ఉంది.

చాలామంది సింహద్వారం, సమాధుల దాకా చూసి బస్సు దగ్గరికి దిగిపోతారు. దిగొద్దు. పైన రాజగృహం నేలదాకా మరో పది నిమిషాల ఎక్కుడు. అక్కడ నిలబడి కింద ఆర్గోస్ మైదానాన్ని చూస్తే, కోటకి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో గైడు చెప్పకముందే అర్థమవుతుంది. ఇక రోడ్డు మీద సుమారు అర కిలోమీటరు కిందకి ఉన్న "ఆత్రెయస్ ఖజానా" అదే టికెట్‌తో చూడొచ్చు. పేరు ఖజానా అయినా అది సమాధి. కొండలోకి తవ్విన దారి, దాని చివర తేనెతుట్టె ఆకారపు గుమ్మటం. ఎత్తు 13 మీటర్ల పైనే, 33 వరుసల రాళ్లు ఒకదాని మీద ఒకటి లోపలికి జరుపుతూ పేర్చారు. గుమ్మం మీది లోపలి రాయి బరువు దాదాపు 120 టన్నులని అంచనా. క్రేన్లు లేని కాలం. బస్సు అక్కడ ఆగుతుందా అని పొద్దున్నే గైడుని అడిగి పెట్టుకోండి. కొన్ని టూర్లు కిటికీలోంచి చూపించి పోతాయి.

అక్కడి నుంచి ఒలింపియాకి మూడు గంటలు, కొండల మలుపులు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు మాత్ర మైసీనీలోనే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. మూడు రోజుల్లో బస్సులో గడిచేది సుమారు పదమూడు గంటలు. డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవాలని యూరప్ చట్టం. "ఇంకో పది నిమిషాలు ఆగండి" అన్న బతిమాలుడు పారకపోవడానికి ఆ లెక్కలే కారణం.

ఒలింపియాలో గైడు ఏ వరుసలో చూపించినా, మాట వింటారంటే మ్యూజియం ముందు చూపించమని అడగండి. శిథిలాల్లో మిగిలింది ఎక్కువగా మోకాలెత్తు గోడలు, పడిపోయిన స్తంభాలు. గ్రీకు దేవతల రాజు జ్యూస్ గుడిని (క్రీ.పూ. 456 నాటికి పూర్తయింది) 6వ శతాబ్దపు భూకంపాలు కూల్చేశాయి. స్తంభాల దిమ్మలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, ముల్లంగిని చక్రాలుగా కోసి పళ్లెంలో వాల్చినట్టు అలాగే ఉన్నాయి. 2004లో ఒక్క స్తంభాన్ని మాత్రం తిరిగి నిలబెట్టారు. మ్యూజియంలో ఆ గుడి రెండు ముఖభాగాల శిల్పాలు, వీరుడు హెరాక్లీస్ (హెర్క్యులిస్) పన్నెండు సాహసాల పలకలు పూర్తి వరుసలో చూసి వెళ్తే, బయట ఏ రాయి ఎక్కడ ఉండేదో కళ్లకి కడుతుంది. ముందు శిథిలాలు చూసినవాళ్లు "అన్నీ రాళ్లే" అని సగంలో చెట్టు నీడ చూసుకుంటారు.

మ్యూజియంలో గుంపు అంతా శిల్పి ప్రాక్సిటెలిస్ చెక్కాడని చెప్పే హెర్మీస్ దేవుడి విగ్రహం దగ్గర మూగుతుంది. అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఆగాల్సిన అద్దాల పెట్టెలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో నల్లటి పూత మట్టి పాత్ర, అరచేతిలో పట్టేంత. అడుగున గీకిన అక్షరాలు: "నేను ఫిడియాస్‌ది". పన్నెండు మీటర్ల పైచిలుకు ఎత్తున బంగారం, దంతంతో జ్యూస్ విగ్రహం చేసిన శిల్పి పేరు ఫిడియాస్. విగ్రహం ఎప్పుడో మాయమైంది. ఆయన పనిచేసిన షెడ్డు గోడలు, అందులో ఈ గిన్నె దొరికాయి. రెండోది పచ్చబారిన కంచు శిరస్త్రాణం, ఒక పక్క తిన్నట్టు చిల్లులు. అంచున "మిల్టియాడిస్ జ్యూస్‌కి సమర్పించాడు" అని చెక్కి ఉంది. మారథాన్ యుద్ధంలో (క్రీ.పూ. 490) గెలిచిన సేనాని అతనే. వంగి, లైటు పడే కోణం నుంచి చూస్తేనే అక్షరాలు కనిపిస్తాయి.

బయట స్టేడియంకి వెళ్లే దారిలో ఎడమ పక్కన వరుసగా ఖాళీ రాతి పీఠాలుంటాయి. వాటిమీద ఒకప్పుడు కంచు జ్యూస్ విగ్రహాలుండేవి. ఇక్కడ జరిగిన ప్రాచీన ఒలింపిక్ ఆటల్లో మోసం చేసి దొరికినవాళ్ల దగ్గర వసూలు చేసిన జరిమానాతో చేయించినవి, మోసగాడి పేరు కింద చెక్కి మరీ. మొదటి ఆరూ క్రీ.పూ. 388లో ప్రత్యర్థులకి లంచమిచ్చిన ముష్టియోధుడి పుణ్యం. పరుగుకి వెళ్లే ప్రతి ఆటగాడూ వాటి ముందునుంచే నడవాలి. ఆ తర్వాత రాతి కమాను కింద నుంచి మైదానంలోకి: 192.27 మీటర్ల ట్రాక్, గీత దగ్గర కాలివేళ్లు ఆనించే గాడులున్న రాళ్లు. కూర్చోవడానికి మెట్లు లేవు, రెండు పక్కలా గడ్డి వాలు. జ్యూస్ భార్య హేరా గుడి స్తంభాలని కూడా దాటేయకండి. ఒకటి లావు, ఒకటి సన్నం, పైభాగాలు ఒక్కోటి ఒక్కో తీరు. మొదట అన్నీ కొయ్య స్తంభాలు. ఒక్కోటి పుచ్చినప్పుడల్లా ఆ కాలపు పద్ధతిలో రాతిది నిలబెట్టారు. ఒలింపిక్ జ్యోతి ఇప్పుడు వెలిగించేది ఈ గుడి ముందే. మొత్తానికి మ్యూజియంతో కలిపి మూడున్నర గంటలు కావాలి, టూర్లు ఇచ్చేది రెండున్నర నుంచి మూడు. తగ్గించాల్సి వస్తే వ్యాయామశాల ఒదిలేయండి.

ఒలింపియా నుంచి డెల్ఫీకి నాలుగు గంటలు. దారిలో రియో–అంటిరియో వంతెన, 2,880 మీటర్లు, 2004లో తెరిచారు. అడుగున గట్టి రాయి తగలని చోట, భూకంపాలొచ్చే చోట కట్టారు. అందుకే దాని కాళ్లు కంకర పరుపు మీద ఊరికే కూర్చుని ఉంటాయి, నేల కదిలితే కాస్త జారేందుకు వీలుగా. వంతెన దాటాక కుడి వైపు సీట్లవాళ్లకి సముద్రం.

డెల్ఫీ పొద్దున ఎనిమిదికి తెరుస్తారు. తొమ్మిదిన్నర, పది నుంచి ఏథెన్స్ ఒకరోజు బస్సులు వరసగా దిగుతాయి. రాత్రి అక్కడే ఉండే మూడు రోజుల టూరుకీ, పొద్దున బయల్దేరి సాయంత్రం తిరిగొచ్చే ఒకరోజు టూరుకీ ఉన్న అసలు తేడా ఈ గంటన్నరే. కాబట్టి బయల్దేరే వేళ ఎనిమిదా, తొమ్మిదిన్నరా అని ముందే కనుక్కోండి. తొమ్మిదిన్నర అంటే ఆ రాత్రి బసకి పెట్టిన డబ్బుకి ఫలం దక్కనట్టే.

ఇక్కడ ఊరంతా కొండవాలు. గేటు నుంచి పవిత్ర మార్గం మెలికలు తిరుగుతూ ఏథెన్స్ వాళ్లు కానుకలు దాచిన ఖజానా, జోస్యానికి పేరుపడ్డ అపోలో దేవుడి గుడి, నాటకశాల, ఆ పైన స్టేడియం దాకా వెళ్తుంది. గుడి దాకా అందరూ వెళ్లగలరు. నాటకశాల పై వరుస దాకా ఎక్కితే గుడి స్తంభాలూ లోయా ఒకే చూపులో దొరుకుతాయి, ఈ రూటులో ఒకే ఒక్క ఫొటో తీయాలంటే అక్కడే. స్టేడియంకి మరో పావుగంట ఎక్కాలి. రాళ్లు దొర్లే ప్రమాదం వల్ల లోపల నడవనివ్వరు, తాడు ఇవతల నుంచి చూడాలి, సమయం తక్కువైతే దాన్నే వదిలేయొచ్చు. దారిలో రాళ్లు పాదాల రాపిడికి నున్నబడి ఉన్నాయి. తోలు అడుగు చెప్పులతో ఎక్కడం సులువే, దిగేటప్పుడే జారతారు. రబ్బరు అడుగు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

19వ శతాబ్దం చివరిదాకా ఈ శిథిలాల నెత్తిన కాస్త్రి అనే పల్లె ఉండేది. ఫ్రెంచివాళ్లు 1892లో తవ్వకాలు మొదలుపెట్టేముందు ఊరు మొత్తాన్ని పక్కకి తరలించారు. ఇప్పటి డెల్ఫీ గ్రామం అదే. మనవాళ్లు నీళ్ల కోసం నాగార్జునకొండ శిథిలాలని పైకెత్తారు, ఇక్కడ శిథిలాల కోసం ఊరిని ఎత్తారు. మ్యూజియంలో చివరి గది కంచు సారథిది, 1896లో దొరికింది. 1.80 మీటర్లు. దగ్గరికి వెళ్లి కళ్లు చూడండి. పొదిగిన కనుగుడ్లు అలాగే ఉన్నాయి, కనురెప్పల వెంట్రుకలు రాగి రేకుని సన్నగా కత్తిరించి పెట్టినవి. నడుము కింద మనిషి కొంచెం పొడుగ్గా అనిపిస్తాడు. రథంలో నిలబడిన విగ్రహాన్ని కింద నుంచి చూస్తారని శిల్పి వేసిన లెక్క అది. అక్కడే ఏథెన్స్ ఖజానా గోడ రాళ్లున్నాయి. అపోలో మీద రెండు స్తోత్రాలు, అక్షరాల మీద స్వరాల గుర్తులతో సహా చెక్కారు. పాటకి స్వరం రాసి రాతిమీద పెట్టిన ఇంత పాత ఆధారాలు తక్కువ. విగ్రహాల పక్కన నవ్వుతూ పోజు పెట్టడం కాపలావాళ్లు ఒప్పుకోరు. ఫొటో తీయొచ్చు, ఫ్లాష్ వద్దు, విగ్రహం పక్కన నిలబడొద్దు.

టూర్లు ఇక్కడ దాటేసేది గుండ్రటి థోలోస్ గుడి. పోస్ట్‌కార్డుల మీద కనిపించే మూడు స్తంభాలు దానివే. అది పెద్ద క్షేత్రంలో లేదు, ఏథెన్స్ వైపు రోడ్డుకి దిగువన ఉంది. బస్సు రోడ్డు పక్కన రెండు నిమిషాలు ఆగితే పైనుంచి కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రం డెల్ఫీ చేరాక వెలుతురుంటే రోడ్డు వెంట నడిచి వెళ్లొచ్చు, సుమారు రెండు కిలోమీటర్లు.

నాలుగో రోజు మెటియోరా కలపాలా? నిటారు రాతి శిఖరాల మీద మఠాలు, చూడదగ్గవే. కానీ అవి 14వ శతాబ్దం నుంచి కట్టిన క్రైస్తవ మఠాలు. ప్రాచీన గ్రీసు కోసం వెళ్లేవాళ్లకి విషయం మారిపోతుంది, పైగా తిరుగు ప్రయాణం ఐదు గంటల దాకా. ఆ రోజుని ఏథెన్స్‌కి కేటాయించడం మంచిది. వెళ్తే మాత్రం భుజాలు కప్పే బట్టలుండాలి. ప్యాంటు, చుడీదార్ వేసుకున్న ఆడవాళ్లకి గుమ్మం దగ్గర చుట్టుకోవడానికి గుడ్డ ఇస్తారు.

తిండి గురించి శాకాహారులు భయపడక్కర్లేదు, కానీ మాట స్పష్టంగా చెప్పాలి. ధరలో కలిసి ఉండేది సాధారణంగా పొద్దుటి ఫలహారం, రాత్రి భోజనం. నీళ్లతో సహా తాగేవి భోజనంలో కూడా విడిగా బిల్లవుతాయి. బుకింగ్‌లో రాయించినా, మొదటి రోజు పొద్దున గైడుకి మళ్లీ చెప్పండి, హోటల్‌కి ఫోన్ చేసేది ఆమే. "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి" అంటే మాంసం లేకుండా, చేప లేకుండా. రెండూ అనాలి. ఉపవాస వంటకాలని "నిస్తీసిమా" అంటారు, వాటిలో పాలు, గుడ్డు ఉండవు గానీ రొయ్యలు, స్క్విడ్ ఉండొచ్చు. ఆ మాటని శాకాహారం అనుకుంటే దెబ్బతింటారు. ఆలివ్ నూనెలో వండిన కూరల్ని "లదెరా" అంటారు, మెనూలో ఆ భాగం వెతకండి. టమాటా రసంలో పెద్ద చిక్కుడు గింజలు గిగాంటెస్, వంకాయ బంగాళాదుంపలతో బ్రియామ్, పాలకూర అన్నం స్పనకోరిజో. ఈ చివరిదాని పక్కన చిక్కటి పెరుగు తెప్పించుకుంటే రోజు గడిచిపోతుంది. కూరిన టమాటాలు గెమిస్తా అడిగేటప్పుడు కీమా లేనిదా అని అడగాలి. నిమ్మరసం, గుడ్డు కలిపిన సూపు చాలాసార్లు కోడి నీళ్లతో చేస్తారు. కారం కావాలంటే "బూకోవో" అనండి, ఎండుమిరప ముక్కలు తెచ్చిపెడతారు.

ఇంకో చిన్న సంగతి. అక్కడి డ్రైనేజీ గొట్టాలు సన్నం, అందుకే కాగితాన్ని కమోడ్‌లో వేయొద్దని బోర్డులుంటాయి, పక్కన డబ్బా ఉంటుంది. జెట్ స్ప్రే ఆశించకండి, చిన్న సీసా ఒకటి సంచిలో పడేసుకోండి. పంపు నీళ్లు ఈ ఊళ్లలో తాగొచ్చు. పెద్ద సూట్‌కేసు ఏథెన్స్ హోటల్లో వదిలేసి, మూడు రోజులకి చిన్న బ్యాగు చాలు. దాదాపు ప్రతి హోటలూ ఉచితంగా ఉంచుకుంటుంది, తిరిగొచ్చేది అదే హోటలైతే.

నెలల్లో ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు దాకా, లేదంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు. జులై, ఆగస్టుల్లో మైసీనీ పెనం. చలికాలం ధర తగ్గుతుంది గానీ చాలా స్థలాలు మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తారు, మొదటి రోజు ఎపిడారస్, మైసీనీలలో ఒకటి హడావుడిలో నలిగిపోతుంది. జనవరి 1, మార్చి 25, మే 1, డిసెంబరు 25, 26, గ్రీకుల ఈస్టర్ ఆదివారం అన్నీ మూత. వాళ్ల ఈస్టర్ చాలా ఏళ్లలో మన క్యాలెండర్లలో వేసే ఈస్టర్‌తో కలవదు, విడిగా చూసుకోవాలి. గ్రీసుకి కావాల్సిన షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. పెద్దలకి రుసుము 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

సొంతంగా కారు తీసుకుంటే నలుగురికి టూరు కన్నా చౌక పడుతుంది, నాఫ్‌ప్లియోలో రాత్రి ఉండొచ్చు. భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కావాలి, అది ఇక్కడి రవాణా కార్యాలయంలోనే తీసుకుని వెళ్లాలి. పోగొట్టుకునేది గైడుని. మైసీనీలో, ఒలింపియాలో గైడు లేకుండా నడిస్తే సగం విషయం అందదు. ఇద్దరే వెళ్తున్నారంటే బస్సు టూరే లాభం.

టూరుకి అటో ఇటో ఏథెన్స్‌కి రెండు రోజులు ఉంచుకోండి. అక్రోపోలిస్ టికెట్టు వేళతో సహా ముందే ఆన్‌లైన్లో కొనాలి, ఆ వేళకి పావుగంట అటూ ఇటూ మాత్రమే వదులుతారు. పొద్దున ఎనిమిదిది గానీ, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందుది గానీ తీసుకోండి. ఇటీవలి వేసవుల్లో వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా మూసేశారు. మైసీనీ బంగారం, ఆ ముసుగు జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. మైసీనీ కొండ చూసి వచ్చాక వెళ్తే ఏది ఏ గోతిలోదో తెలుస్తుంది. టూరు సోమవారం సాయంత్రం ముగిసేలా పెట్టుకుని మర్నాడు పొద్దున్నే మ్యూజియంకి బయల్దేరేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మంగళవారాలు అది మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ తెరవరు.